33, 47: మదనపల్లె వేసిన లెక్క

ఒకే విషయం మీద వేర్వేరు దేశాల్లో జరిగిన ప్రయోగాలన్నిటినీ కలిపి సగటు తీయడం ఎలాగో స్టాటిస్టిక్స్ విద్యార్థులకు నేర్పేటప్పుడు మాస్టార్లు తరచూ ఒక పాత పట్టికను ముందు పెడతారు. బీసీజీ టీకా మీద జరిగిన 13 ప్రయోగాల పట్టిక అది. ఆ లెక్కలు చేసే కంప్యూటర్ ప్రోగ్రాముల్లోనే దాన్ని ఎక్కించి పెట్టారు. అందులో ఒక వరుస ఇలా ఉంటుంది: ఫ్రిమోట్ మొల్లర్, 1973. టీకా వేయించుకున్న 5,069 మందిలో 33 మందికి క్షయ వచ్చింది. వేయించుకోని 5,808 మందిలో 47 మందికి వచ్చింది. చివరి గడిలో అక్షాంశం: 13.

ఆ 13 డిగ్రీల అక్షాంశం మదనపల్లెది. ఆ పదివేల చిల్లర మందీ మదనపల్లె టౌనులోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ ఉండిన మనుషులు. అమెరికాలోనో ఐరోపాలోనో కూర్చుని ఆ అంకెలతో కుస్తీ పట్టే కుర్రవాడికి ఆ ఊరెక్కడుందో తెలిసే అవకాశం తక్కువ. మన దగ్గర కూడా మదనపల్లె అంటే టమోటా మార్కెట్టు గుర్తొస్తుంది, లేదంటే హార్స్‌లీ కొండ. టీకాల చరిత్రలో ఆ ఊరికున్న చోటు గురించి మాట్లాడేవాళ్ళు అరుదు. జన్యువులను చదివే యంత్రాలు, క్రిమిని కోరినట్టు దిద్దే పద్ధతులు వచ్చాక అప్పట్లో మదనపల్లె అడిగిన ప్రశ్న మళ్ళీ ముందుకొచ్చింది. పెద్దవాళ్ళ ఊపిరితిత్తులను క్షయ నుంచి కాపాడే టీకా ఉందా, లేదా?

మదనపల్లె సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంటుంది. కింద మైదానం ఉడికిపోతున్న రోజుల్లోనూ ఇక్కడ పొద్దువాలితే గాలి చల్లబడుతుంది. క్షయకు మందే లేని కాలంలో మంచి గాలి, విశ్రాంతి, కడుపు నిండా తిండి, ఇవే వైద్యం. అందుకని కొన్ని క్రైస్తవ మిషన్లు కలిసి ఊరి బయట కట్టిన యూనియన్ మిషన్ ట్యూబర్‌క్యులోసిస్ శానిటోరియం 1915లో తెరుచుకుంది. ఆ చోటుకే ఆరోగ్యవరం అని పేరు. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మొల్లర్ తొలి సూపరింటెండెంటు. తరవాత ఆ కుర్చీలో కూర్చున్న డాక్టర్ పీ.వీ. బెంజమిన్ స్వతంత్ర భారత ప్రభుత్వానికి క్షయ సలహాదారుగా వెళ్ళారు. పట్టికలో ఉన్న పేరు మాత్రం క్రిస్టియన్‌ది కాదు, ఆయన కొడుకు యోహానెస్‌ది.

ఆ కాలపు శానిటోరియాల్లో మంచం దొరికిన రోగి నెలలు, ఒక్కోసారి ఏళ్ళు అక్కడే ఉండేవాడు. పక్కటెముకల సందులోంచి సూది దింపి, గాలి ఎక్కించి, జబ్బు చేసిన ఊపిరితిత్తిని ముడుచుకుపోయేలా చేయడం అప్పటి పెద్ద చికిత్స. కదలకుండా ఉంటే పుండు మానుతుందని ఆశ. కొందరికి మానేది కూడా. 1940ల్లో స్ట్రెప్టోమైసిన్, 1952లో ఐసోనియాజిడ్ వచ్చాక కథ తిరిగింది. 1956లో మద్రాసులో మొదలైన కీమోథెరపీ కేంద్రం 193 మంది రోగులను తీసుకుని, కొందరిని శానిటోరియంలో ఉంచి, తక్కినవాళ్ళను ఇంటికి పంపి, అందరికీ అవే మందులిచ్చి చూసింది. ఇరుకిళ్ళలో అరకొర తిండితో ఉన్నవాళ్ళకు కూడా శానిటోరియంలోనివాళ్ళకు తగ్గినంతగా తగ్గింది. ఈ ఫలితం బయటికొచ్చాక ప్రపంచమంతటా శానిటోరియాలకు పని తగ్గిపోయింది. ఆరోగ్యవరం ఇప్పుడు అన్ని జబ్బులూ చూసే ఆస్పత్రి.

అయితే యోహానెస్ అంతకుముందే మంచాల మీది రోగులను వదిలి పల్లెల వైపు తిరిగారు. ఆస్పత్రికి వచ్చేవాళ్ళు సరే, రానివాళ్ళలో క్షయ ఎంతుంది? 1948లో దేశంలో బీసీజీ పని మొదలైనప్పుడు మదనపల్లె దాని తొలి కేంద్రాల్లో ఒకటి. టీకా తయారు చేయడానికి మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో అదే ఏడాది ప్రయోగశాల పెట్టారు. 1950 నుంచి మదనపల్లె బృందం ఇంటింటికీ తిరిగి జనాభా రాసుకుంది. ముంజేతి చర్మంలోకి ట్యూబర్‌కులిన్ ఎక్కించి, మూడోనాడు మళ్ళీ వచ్చి, వాపు ఎన్ని మిల్లీమీటర్లుందో స్కేలు పెట్టి కొలిచింది. ఛాతీ ఎక్స్‌రేలు తీసింది. ఒంట్లో క్రిమి చేరిన జాడ లేనివాళ్ళలో కొందరికి బీసీజీ వేసి, కొందరికి వేయకుండా వదిలి, ఎవరికి జబ్బు వస్తుందో ఏళ్ళ తరబడి కనిపెట్టుకుని కూర్చుంది. 1955 దాకా చేసిన సర్వే వివరాలు 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో వంద పేజీలకు పైగా అచ్చయ్యాయి. టీకా లెక్క తేలడానికి మరో పదమూడేళ్ళు పట్టింది. 1973 నాటి ఆ వ్యాసం మీద ఫ్రిమోట్ మొల్లర్‌తో పాటు జీ.ఎస్. ఆచార్యులు, కె. కేశవ పిళ్ళై పేర్లున్నాయి. పట్టికలో మాత్రం మొదటి పేరే మిగిలింది.

ఈలోపు 1955లో రాజాజీ బీసీజీని తానెందుకు వ్యతిరేకిస్తున్నారో వివరిస్తూ ఒక పుస్తకమే వేశారు. ఆయన వాదనలో చాలా భాగం శాస్త్రం ముందు నిలవదు. ఇక్కడి జనం మీద ఇది పనిచేస్తుందని ఎవరు చూపించారన్న ఒక్క ప్రశ్న మాత్రం తోసిపుచ్చదగ్గది కాదు. మదనపల్లెలో అప్పటికే ఆ పనిలో ఉన్నారు.

ఇక అంకెలు. 5,069లో 33, 5,808లో 47. శాతాల్లోకి మారిస్తే టీకా వేసిన గుంపులో జబ్బు ఐదో వంతు తక్కువ. కానీ ఇంత కొద్దిమంది రోగులతో వచ్చిన తేడా కాకతాళీయం కూడా కావచ్చు. బ్రిటన్‌లో బడిపిల్లల మీద చేసిన ప్రయోగంలో ఇదే టీకా జబ్బును నాలుగింట మూడు వంతులకు పైగా తగ్గించింది. అక్కడ అంత పనిచేసిన మందు ఇక్కడెందుకు తడబడింది? మదనపల్లె తుది లెక్క అచ్చవకముందే, దీన్ని తేల్చడానికి 1968లో చెంగల్పట్టు జిల్లాలో అంతకుముందెన్నడూ ఎరగనంత పెద్ద ప్రయోగం మొదలైంది. అదే పట్టికలో దాని వరుస కూడా ఉంది: టీకా వేసిన 88,391 మందిలో 505 మందికి క్షయ, వేయని 88,391 మందిలో 499 మందికి క్షయ. మదనపల్లెలో కనిపించిన ఆ ఐదో వంతు మేలు చెంగల్పట్టులో ఆనవాలు లేకుండా పోయింది. మెదడు పొరలకు పాకే క్షయ నుంచి, ఒళ్ళంతా వ్యాపించే క్షయ నుంచి పసిపిల్లలను బీసీజీ కాపాడుతుంది, కాబట్టి పుట్టగానే వేయడం నేటికీ సాగుతోంది. పెద్దవాళ్ళ ఊపిరితిత్తుల సంగతికి వచ్చేసరికి దాని మీద భరోసా లేదు. దగ్గుతో క్రిమిని పదిమందికీ అంటించేది ఈ పెద్దవాళ్ళే.

అక్షాంశం గడి పట్టికలోకి ఎందుకొచ్చిందో ఇక్కడ అర్థమవుతుంది. భూమధ్యరేఖకు దూరం పోయేకొద్దీ బీసీజీ బాగా పనిచేస్తోంది, దగ్గరయ్యేకొద్దీ తేలిపోతోంది. వేడి ప్రాంతాల మట్టిలో, నీళ్ళలో క్షయ క్రిమికి దాయాదులైన హానిలేని సూక్ష్మజీవులు బోలెడుంటాయి. పొలంలో పనిచేసేవాళ్ళకు, చెరువు నీళ్ళు వాడేవాళ్ళకు చిన్నప్పటి నుంచే వాటితో పరిచయం. దాంతో వాళ్ళ ఒంటికి కొంత రక్షణ ముందే వచ్చి ఉంటుంది, టీకా దాని మీద కొత్తగా కలిపేది తక్కువ అని ఒక వాదన. ఆ పాత పరిచయం వల్లే ఒళ్ళు బీసీజీని నిలదొక్కుకోనివ్వకుండా తరిమేస్తుందని ఇంకో వాదన. రెండింటికీ ఆధారాలున్నాయి, ఏదీ పూర్తిగా గెలవలేదు.

క్రిమిలోంచి జారిపోయినవి

బీసీజీ పుట్టుకలోనే ఒక తిరకాసుంది. ఫ్రాన్స్‌లోని లిల్ నగరంలో కాల్మెట్, గెరెన్ అనే ఇద్దరు 1908లో ఆవుకు వచ్చే క్షయ క్రిమిని తీసుకుని, పశువుల పైత్యరసం కలిపిన బంగాళదుంప ముక్కల మీద పెంచడం మొదలుపెట్టారు. మూడు వారాలకోసారి కొత్త ముక్క మీదికి మార్చేవారు. 13 ఏళ్ళలో 230 సార్లు మార్చారు. చివరికి క్రిమి కోరలు పోయి, జబ్బు చేయలేని స్థితికి వచ్చింది. 1921లో మొదటిసారి మనిషికి ఇచ్చారు. ఆ మార్పుల్లో క్రిమి ఏం పోగొట్టుకుందో వాళ్ళకు తెలీదు. తెలుసుకునే సాధనమే అప్పటికి లేదు.

డెబ్బై అయిదేళ్ళ తరవాత ఆ సంగతి బయటపడింది. 1996లో బీసీజీ జన్యువులను అసలు క్రిమి జన్యువులతో పక్కపక్కన పెట్టి పోల్చినవాళ్ళకు ఒక పెద్ద తునకే మాయమైనట్టు కనిపించింది. దానికి ఆర్‌డీ1 అని పేరు పెట్టారు. రెండేళ్ళకు, 1998లో, మనిషి క్షయ క్రిమి డీఎన్‌ఏ మొత్తం చదివేశారు. సుమారు 44 లక్షల అక్షరాలు, నాలుగు వేల జన్యువులు. ఇప్పుడు జరుగుతున్న పని చాలావరకు ఈ రెండు సంఘటనల నుంచి పుట్టిందే.

ఆర్‌డీ1లో ఈశాట్-6, సీఎఫ్‌పీ-10 అనే రెండు ప్రొటీన్ల తయారీ సూచనలు ఉంటాయి. క్షయ క్రిమిలో ఉంటాయి, బీసీజీలో ఉండవు. ఈ తేడా ఎందుకు పనికొస్తుందో తెలియాలంటే మదనపల్లె బృందం ముంజేతి మీద ఎక్కించిన ట్యూబర్‌కులిన్ దగ్గరికి వెళ్ళాలి. అది క్షయ క్రిములను ఉడికించి వడగట్టిన రకరకాల ప్రొటీన్ల కలగలుపు. క్రిమి ఒంట్లో ఉన్నవాళ్ళకూ వాపు వస్తుంది, ఎప్పుడో బీసీజీ వేయించుకున్నవాళ్ళకూ వస్తుంది. పుట్టిన ప్రతి బిడ్డకూ బీసీజీ వేసే దేశంలో ఆ వాపును చూసి ఏం తేలుస్తాం? కొత్త పరీక్షలో ఆ రెండు ప్రొటీన్లే ఉంటాయి. వాటిని క్షయ క్రిమి నుంచి తీయరు, జన్యువును వేరే హానిలేని సూక్ష్మజీవిలో పెట్టి తయారు చేయిస్తారు. పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ సై-టీబీ పేరుతో చేసే ఈ పరీక్షకు 2022లో అనుమతి వచ్చింది. ముంజేయీ అదే, సూదీ అదే, రెండు మూడు రోజులకు వచ్చి స్కేలుతో కొలవడమూ అదే. సూదిలో ఉన్నది మాత్రం పాతికేళ్ళ జన్యు పరిశోధన.

అసలు క్రిమినే దిద్ది టీకా చేయాలన్న ప్రయత్నం హైదరాబాదు దాకా వచ్చింది. స్పెయిన్‌లోని జరగోజా విశ్వవిద్యాలయంలో కార్లోస్ మార్టిన్ బృందం ఆవు క్రిమిని పక్కనబెట్టి, రోగి నుంచి తీసిన మనిషి క్షయ క్రిమితోనే మొదలుపెట్టింది. బంగాళదుంపల మీద 230 సార్లు మార్చే పని లేదు. రెండే జన్యువులను గురిచూసి తీసేశారు. ఒకటి ఫోప్. క్రిమిలో జబ్బు కలిగించే అనేక జన్యువులను నడిపించే పెద్ద స్విచ్చు అది. రెండోది ఫాడ్‌డీ26. ఒంటి రక్షణ కణాల కంటపడకుండా క్రిమి కప్పుకునే కొవ్వు పొర తయారీకి అది కావాలి. ఒకటి తీస్తే చాలదా అంటే, బతికున్న క్రిమిని టీకాగా వాడేటప్పుడు అది తిరిగి మొదటి రూపానికి వచ్చే దారి మూసేయాలి కాబట్టి రెండు. ఈ టీకా పేరు ఎంటీబీవ్యాక్. స్పెయిన్ కంపెనీ బయోఫాబ్రితో కలిసి భారత్ బయోటెక్ దీని ప్రయోగాలను మన దేశంలో పెద్దవాళ్ళ మీద మొదలుపెట్టినట్టు 2024 మార్చిలో ప్రకటించింది. ఆఫ్రికాలో పసిపిల్లల మీద పెద్ద ప్రయోగం అంతకుముందే మొదలైంది.

బీసీజీ పోగొట్టుకున్న ప్రొటీన్లలో కొన్ని ఎంటీబీవ్యాక్‌లో ఉంటాయి. టీకా మెరుగ్గా పనిచేస్తుందన్న ఆశకు అదొక కారణం. చిక్కూ అక్కడే వచ్చింది. దక్షిణాఫ్రికాలో ఈ టీకా ఇచ్చిన పసికందుల్లో కొందరికి, క్షయ క్రిమి ఉన్నవాళ్ళను పట్టే రక్తపరీక్ష కొంతకాలం పాజిటివ్ చూపించింది, తరవాత చాలామందిలో తగ్గింది. అంటే రేపు ఈ టీకా అందరికీ వేస్తే, ఇప్పుడే చేతికొచ్చిన కచ్చితమైన పరీక్షలు మళ్ళీ తికమక పడే అవకాశం ఉంది. ఇలాంటి చిక్కులు పత్రికల మొదటి పేజీల్లోకి రావు, ప్రయోగశాలల్లో జుట్టు పీక్కునేది మాత్రం వీటి గురించే.

13, 26

ఇంకో దారి, బతికున్న క్రిమి జోలికే పోకుండా దాని ప్రొటీన్ ఒకటి రెండు తీసుకోవడం. తెలుగువాళ్ళకు ఈ పద్ధతి కొత్తేం కాదు. 1993లో వరప్రసాద్ రెడ్డి నెలకొల్పిన శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్-బి వైరస్ జన్యువును ఒక రకం ఈస్టులో పెట్టి, టీకా ప్రొటీన్‌ను దానితో తయారు చేయించింది. దిగుమతి టీకా మధ్యతరగతికి కూడా భారమైన రోజుల్లో అది సామాన్యుడికి అందే ధరకు వచ్చింది. జన్యుసాంకేతికతతో దేశంలో తయారైన తొలి టీకా అదే.

క్షయలో ఈ దారిన అందరికంటే ముందున్నది ఎం72. క్షయ క్రిమి ప్రొటీన్లు రెండింటిని ఒకే గొలుసుగా కలిపి తయారు చేశారు. ఒట్టి ప్రొటీన్ ఇస్తే ఒళ్ళు పెద్దగా పట్టించుకోదు, కాబట్టి రక్షణ వ్యవస్థను లేపే మరో మందు కలుపుతారు. అందులో ఒక భాగం దక్షిణ అమెరికాలోని ఒక చెట్టు బెరడు నుంచి వస్తుంది, నీళ్ళలో వేస్తే కుంకుడుకాయలా నురగనిచ్చే బెరడు అది. కెన్యా, దక్షిణాఫ్రికా, జాంబియా దేశాల్లో, ఒంట్లో క్రిమి ఉన్నా జబ్బు బయటపడని సుమారు 3,500 మంది పెద్దవాళ్ళకు నెల తేడాతో రెండు డోసులిచ్చి మూడేళ్ళు చూశారు. 2019లో తుది ఫలితం వచ్చింది: టీకా జబ్బును దాదాపు సగానికి తగ్గించింది. వందేళ్ళలో ఇలాంటి కబురు లేదు. ప్రపంచమంతా సంబరపడింది.

ఆ సగం వెనకున్న అంకెలు చూస్తే సంబరం కాస్త నెమ్మదిస్తుంది. టీకా ఇచ్చిన 1,626 మందిలో 13 మందికి జబ్బు, ఉత్తుత్తి సూది ఇచ్చిన 1,663 మందిలో 26 మందికి. మొత్తం కలిపి 39 మంది రోగులు. రక్షణ 49.7 శాతం అని రాసినచోటే, అది 2 శాతం దాకా తక్కువా కావచ్చు, 74 శాతం దాకా ఎక్కువా కావచ్చు అని శాస్త్రవేత్తలే రాసుకున్నారు. మదనపల్లెలో 33, 47 కలిపితే 80 మంది. 39 కంటే ఎక్కువమందితో తేలిన ఆ లెక్కే చెంగల్పట్టు దాకా వెళ్ళేసరికి చెదిరిపోయింది. 13, 26 చెదరవని ఎవరూ ఇప్పుడే మాటివ్వలేరు. ఆ సంగతి తెలుసు కాబట్టే ఎం72 మూడో దశ ప్రయోగాన్ని 2024 మార్చిలో దక్షిణాఫ్రికాలో మొదలుపెట్టి, ఆఫ్రికాలోనూ ఆసియాలోనూ కలిపి ఏడు దేశాల్లో 20,000 మంది దాకా తీసుకునేట్టు ప్రణాళిక వేశారు. ఆ ప్రణాళికలో ఆసియా నుంచి ఇండోనేషియా, వియత్నాం ఉన్నాయి. ప్రపంచంలోని క్షయ రోగుల్లో నాలుగో వంతుకు పైగా ఉన్న మన దేశం ఆ ఏడింటిలో లేదు. మన మట్టి, మన నీళ్ళు, మన తిండి మధ్య అది ఎలా పనిచేస్తుందో ఎప్పటికైనా ఇక్కడే చూసుకోక తప్పదు.

కళ్లె డబ్బీ ప్రయాణం

టీకాల ఆశ ఇంకా రేపటిది. ఇప్పటికే ఊళ్ళలోకి దిగిన జీవసాంకేతికత పరీక్షల రూపంలో ఉంది. పెద్దమండ్యం లాంటి మెట్ట మండలంలో, బోరు ఆడితే టమోటా, లేదంటే వేరుశనగ, రెండూ దెబ్బతింటే బెంగళూరులో కూలిపని అనే బతుకుల్లో, రెండు వారాలు దాటిన దగ్గుకు మనిషి మొదట చేసేది మందుల షాపులో సిరప్ అడగడం. తరవాత ఎవరో ఆశా కార్యకర్త డబ్బీ చేతికిచ్చి, పొద్దున లేవగానే కడుపులోంచి దగ్గి కళ్లె తీసి ఇవ్వమంటుంది. ఉమ్మి కాదు, కళ్లె. ఈ తేడా చెప్పి ఒప్పించడానికే సగం పని పడుతుంది.

ఒకప్పుడు ఆ కళ్లెను గాజు పలక మీద పూసి, రంగేసి, మైక్రోస్కోపులో చూసేవారు. మిల్లీలీటరు కళ్లెలో 5,000 నుంచి 10,000 క్రిములుంటే తప్ప కంటికి ఆనవు. క్రిమిని పెంచి చూద్దామంటే రెండు నుంచి ఆరు వారాలు. ఇప్పుడు వాడే సీబీనాట్, ట్రూనాట్ యంత్రాలు క్రిమికోసం వెతకవు, దాని డీఎన్‌ఏ తునక కోసం వెతుకుతాయి. తునక దొరికితే దాన్ని రెండు చేస్తాయి, రెండింటిని నాలుగు, నాలుగింటిని ఎనిమిది. చదరంగం గళ్ళలో వడ్లగింజలు పోసిన కథలో లెక్కే ఇది. ముప్పై సార్లు రెట్టింపయ్యేసరికి ఒక్క తునక వంద కోట్లు దాటుతుంది. అందువల్ల మిల్లీలీటరుకు నూరు నూటముప్పై క్రిములున్నా పట్టుబడతాయి.

అమెరికాలో పుట్టిన సీబీనాట్ యంత్రానికి ఏసీ గది, నిలకడైన కరెంటు కావాలి. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని చోట్ల దానితో తంటాలే. బెంగళూరు బిగ్‌టెక్ ల్యాబ్స్‌లో రూపుదిద్దుకుని, గోవాలోని మోల్బయో తయారు చేసే ట్రూనాట్ బ్యాటరీతో నడుస్తుంది. దాని ముందు కూర్చున్న ల్యాబ్ టెక్నీషియన్ చేతులను గమనిస్తే పని అర్థమవుతుంది. చిక్కటి కళ్లెలో రెండు చుక్కలు మందు వేసి పల్చబరుస్తారు. దాన్ని ఒక కార్ట్రిడ్జిలో పోసి మొదటి పెట్టెలో పెడితే ఇరవై నిమిషాల్లో డీఎన్‌ఏ విడిపడుతుంది. అందులోంచి ఆరు మైక్రోలీటర్లు, అంటే ఒక చుక్కలో చిన్న భాగం, పిపెట్‌తో తీసి, ఎండబెట్టిన రసాయనాలున్న బుల్లి గొట్టంలో కలిపి, గోరంత చిప్ మీద వదులుతారు. చిప్‌ను రెండో పెట్టెలో దూర్చాక ముప్పావు గంట లోపు గీత పైకి లేస్తుంది, లేదా లేవదు. ఆ ఎండు రసాయనాలకు ఫ్రిజ్ అక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఈ పరీక్షను ఆమోదించాక ఇతర దేశాలూ కొంటున్నాయి.

గీత లేస్తే పని అయిపోలేదు. అదే డీఎన్‌ఏ నుంచి ఇంకో చిప్ పెట్టి, రిఫాంపిసిన్ మందుకు క్రిమి లొంగుతుందో లేదో చూస్తారు. ఆ మందుకు లొంగని క్రిముల్లో నూటికి తొంభై అయిదుకు పైగా ఒకే జన్యువులో, 81 అక్షరాల చిన్న జాగాలో, ఏదో ఒక అక్షరం మారి ఉంటుంది. అక్షరం మారితే మందులు మార్చాలి. మునుపు ఈ సంగతి తెలియడానికి నెలలు పట్టేది, అన్నాళ్ళూ రోగి పనిచేయని మందు మింగుతూ, పనిచేయకపోవడం తన తప్పన్నట్టు మాటలు పడుతూ ఉండేవాడు.

లొంగని క్షయకు చికిత్స కూడా కుదించుకుపోయింది. మునుపు ఒకటిన్నర రెండేళ్ళ పాటు గుప్పెడు మాత్రలు, మొదటి నెలల్లో రోజూ సూది, ఆ సూదితో చెవుడు వచ్చిన వాళ్ళు ఎందరో. 2012లో అమెరికాలో అనుమతి పొందిన బెడాక్విలిన్ నలభై ఏళ్ళలో క్షయకు వచ్చిన మొదటి కొత్త రకం మందు. క్రిమికి శక్తినిచ్చే యంత్రాంగాన్నే అది ఆపేస్తుంది. దాని మీద పేటెంటును పొడిగించాలన్న కంపెనీ అర్జీని భారత పేటెంటు కార్యాలయం 2023 మార్చిలో తోసిపుచ్చింది. అభ్యంతరం వేసినవాళ్ళు ముంబైకి చెందిన నందిత వెంకటేశన్, దక్షిణాఫ్రికాకు చెందిన ఫుమేజా టిసిలె. ఇద్దరూ క్షయ నుంచి బయటపడినవాళ్ళే, ఇద్దరికీ చికిత్సలోనే వినికిడి పోయింది. బెడాక్విలిన్‌తో కలిపి నాలుగు మందులు ఆరు నెలలు మింగే పద్ధతికి కేంద్రం 2024 సెప్టెంబరులో ఆమోదం చెప్పింది. సూది లేదు.

ఇన్ని సాధించాక కూడా దేశంలో క్షయ తగ్గుదల నెమ్మదిగానే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన 2015లో లక్ష మందికి 237 కొత్త కేసులుంటే 2024కు 187. 2025 నాటికి క్షయను తుడిచిపెట్టాలన్న గడువు దాటిపోయింది. ఎందుకో చెప్పే ఆధారాల్లో గట్టిది జార్ఖండ్ నుంచి వచ్చింది. రేషన్స్ పేరుతో అనురాగ్ భార్గవ, మాధవి భార్గవ తదితరులు చేసిన ప్రయోగం అది. 2,800 మంది రోగుల ఇళ్ళలో ఉంటున్న 10,345 మందిని తీసుకుని, ఒక గుంపు ఇళ్ళలో మనిషికి నెలకు అయిదు కిలోల బియ్యం, కిలోన్నర పప్పు ఇచ్చారు. రెండో గుంపులో రోగికి మాత్రమే ఇచ్చారు. ఇంటిల్లిపాదికీ తిండి అందిన గుంపులో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గింది. పరీక్షలో క్రిమి కనిపించిన ఊపిరితిత్తుల క్షయ ఒక్కటే తీసుకుంటే 48 శాతం. 2023లో లాన్సెట్ పత్రిక దీన్ని వేసింది. ఎం72 మీద ప్రపంచం పెట్టుకున్న ఆశ కూడా సుమారు ఆ సగమే. మన దగ్గర బియ్యం, పప్పు గురించి ఆ స్థాయి సంబరం జరగలేదు.

దీన్ని జీవసాంకేతికతకు పోటీగా చూపేవాళ్ళున్నారు. ఆ పోటీ అర్థం లేనిది. తిండి లేని ఒంట్లో టీకా కూడా సరిగ్గా నిలవదు, ఎంత తిన్నా రిఫాంపిసిన్‌కు లొంగని క్రిమి లొంగదు. అసలు ఆరోగ్యవరం మొదటి తరం వైద్యుల దగ్గర తిండి తప్ప గట్టి ఆయుధం లేదు. మందులు వచ్చిన ఉత్సాహంలో ఆ ఆయుధాన్ని పక్కన పెట్టేశారు, అంతే. రోగికి నెలనెలా పోషణకని ఖాతాలో వేసే మొత్తాన్ని కేంద్రం 2024 నవంబరులో 500 నుంచి 1,000 రూపాయలకు పెంచింది. ఇంట్లో తక్కినవాళ్ళ పళ్ళెం సంగతి ఆ లెక్కలో లేదు.

మదనపల్లె ప్రశ్న 2024లో మరో రూపంలో తిరిగొచ్చింది. కొన్ని రాష్ట్రాల్లో ఎంపిక చేసిన జిల్లాల్లో పెద్దవాళ్ళకు మళ్ళీ బీసీజీ వేయడం మొదలుపెట్టారు. అరవై దాటినవాళ్ళు, మధుమేహం ఉన్నవాళ్ళు, పొగతాగేవాళ్ళు, మరీ బక్కచిక్కినవాళ్ళు, గత అయిదేళ్ళలో క్షయ వచ్చి తగ్గినవాళ్ళు, రోగి ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళలో ఉన్నారు. టీకా వేసిన జిల్లాల్లో, వేయని జిల్లాల్లో వచ్చే కేసులను పోల్చి చూస్తారు. ఇప్పుడు కేసుల చిట్టా కంప్యూటర్లో ఉంది, ఇంటింటికీ తిరిగి రాసుకోనక్కర్లేదు. అయినా ఎదురుచూడాల్సిన ఏళ్ళు తగ్గలేదు. క్షయ క్రిమి ఒంట్లో చేరాక కొందరిలో నెలల్లో లేస్తుంది, కొందరిలో దశాబ్దాలు నిద్రపోతుంది. డీఎన్‌ఏను గంటలో చదివే యంత్రం దాన్ని తొందరపెట్టలేదు.

ఈలోగా ఒక ఇంట్లో క్షయ తేలితే, ఆ ఇంట్లోని మిగతావాళ్ళకు చేయదగ్గది ఒకటుంది. వాళ్ళకు జబ్బు లేదని ఎక్స్‌రేతో నిర్ధారించుకున్నాక, ఒంట్లో నిద్రపోతున్న క్రిమిని చంపడానికి ఐసోనియాజిడ్, రిఫాపెంటిన్ మాత్రలు వారానికోసారి చొప్పున 12 వారాలు ఇస్తారు. ఈ మాత్రలకు ప్రభుత్వ ఆస్పత్రిలో డబ్బు తీసుకోరు.